నాలుగింటి టీకి తైవాన్ వీధి రుచులు

మధ్యాహ్న భోజనానికీ రాత్రి భోజనానికీ నడుమ టీ, దానితో పాటు చిన్న చిన్న తినుబండారాలు పెట్టి నలుగురిని కూర్చోబెట్టే అలవాటు ఇంగ్లండ్‌లో 1840ల ప్రాంతంలో మొదలైంది. పెద్ద ఇళ్లలో రాత్రి ఎనిమిది దాటితే గానీ భోజనం వడ్డించని రోజులవి. బెడ్‌ఫర్డ్ ఏడవ డ్యూక్ భార్య ఆనా మరియా సాయంత్రం నాలుగైదు గంటలకు వచ్చే నీరసం తీరడానికి టీ, రొట్టె, వెన్న తన గదికి తెప్పించుకునేదనీ, తర్వాత స్నేహితురాళ్లను కూడా పిలవసాగిందనీ, ఆ పద్ధతే ఊరంతా పాకిందనీ చెబుతారు. క్రమంగా దానికొక వరుస ఏర్పడింది. అంచులు తీసేసిన సన్నటి శాండ్‌విచ్‌లు మొదట, స్కోన్లూ వాటి మీదికి మీగడా జామూ తర్వాత, కేకులు చివర. మూడు అంతస్తుల పళ్లెం మీద కింది నుంచి పైకి ఇదే క్రమం. ఈ వంటకాలన్నిటికీ ఉమ్మడి గుణం ఒకటుంది. అవి ఆగుతాయి. మూడింటికి సర్దిపెట్టినా ఐదింటికి తినదగ్గట్టే ఉంటాయి, అందువల్లే ఇంటావిడ అతిథుల పక్కన తీరిగ్గా కూర్చోగలిగేది.

తైవాన్‌లో చిరుతిండి పెరిగిన చోటు వేరు. అక్కడ షియావ్‌చీ అని పిలిచే చిన్న తినుబండారాలు గుడి ముంగిళ్లలో, సంత వీధుల్లో పుట్టాయి. కీలుంగ్ రేవుపట్నంలోని పేరున్న తిండి బజారు దియెన్‌జీ గుడి చుట్టూ అల్లుకుంది. తైపేలో రావ్‌హ వీధి రాత్రి బజారు ఒక కొస త్సయో గుడి దగ్గర ఉంటుంది. చాలా బండ్లు ఒక్క వంటకమే చేస్తాయి, ఏళ్ల తరబడి అదే చేస్తాయి. కొన్నవాళ్లు నిలబడో నడుస్తూనో తింటారు. బాణలికీ నోటికీ మధ్య గడిచేది రెండు మూడు నిమిషాలే. ఆ నిమిషాల్లో కరకరలాడే చిలగడదుంప ఉండ పావుగంట గడిస్తే మెత్తబడి, అరగంటకు చప్పిడిగా సాగుతుంది.

కాబట్టి తైవాన్ వీధి తిండితో టీ విందు చేయదలచినవారు ముందుగా చూసుకోవలసింది వేళ. ఏ వంటకం ఎంతసేపు ఆగుతుందో తేల్చుకున్న తర్వాతే ఏది రుచిగా ఉంటుందన్న ఆలోచన. బజారులో దొరికేవన్నీ చేసి మూడంతస్తుల పళ్లెంలో పేరిస్తే ఫొటో బాగా వస్తుంది, తిండి మాత్రం చల్లారిపోతుంది. ఆగేవాటిని పళ్లెంలో పెట్టి, ఆగనివాటిని విడతలు విడతలుగా వేడివేడిగా తెచ్చి, ఆ విడతల మధ్య ఖాళీని టీతో నింపడం ఈ విందుకు సరైన పద్ధతి.

ఏవి ఎంచుకోవాలి, ఏవి వదలాలి

తైవాన్ వీధి తిండి ఒక్క మూలం నుంచి వచ్చింది కాదు. ఫుజియెన్ తీరం నుంచి వలస వచ్చినవారు తెచ్చిన బియ్యప్పిండి, దుంపపిండి వంటలు అడుగు పొర. 1895 నుంచి 1945 వరకు సాగిన జపాను పాలనలో చక్రం ఆకారపు కేకులు వచ్చాయి. 1949 తర్వాత చైనా ప్రధాన భూభాగం నుంచి వచ్చిన సైనికులు, వారి కుటుంబాలు ఉత్తరాది గోధుమ రొట్టెలను తెచ్చుకున్నారు. 1965 దాకా అందిన అమెరికా సాయంలో గోధుమలు పెద్ద భాగం కావడంతో అన్నం తినే దీవిలో మైదా వంటలు ఇంటింటికీ చేరాయి. ఇన్ని చేతులు మారిన తిండి కనుకనే ఇంగ్లీషు వాళ్ల టీ బల్ల మీద అది పరాయిగా కనిపించదు.

శాండ్‌విచ్‌నే తీసుకుంటే, అంచులు తీసిన పలచటి రొట్టెల మధ్య గుడ్డు పొర, హామ్, తియ్యటి మయొనేజ్ రాసి త్రికోణాలుగా కోసే రకం తైవాన్‌లో దశాబ్దాలుగా ఉంది. జాంగ్‌హ్వా జిల్లా బెయ్‌దో ఊరు దానికి ప్రసిద్ధి. లండన్ హోటల్లో పెట్టినా ఎవరూ వింతగా చూడరు. తైనాన్‌లో పుట్టిన శవపేటిక రొట్టె ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. మందపాటి రొట్టె ముక్కను నూనెలో వేయించి, మధ్యలో గుంత చేసి, పాలతో చిక్కబరచిన కోడి లేదా సముద్రపు జీవుల కూర నింపి, కోసిన ముక్కనే మూతగా పెడతారు. బజారు కొలతలో అది ఒకరికి పూటభోజనం. టీ బల్లకు రెండంగుళాల ఘనాలుగా కోసి చేయాలి. కూర ముందురోజే వండుకోవచ్చు, రొట్టె నిమిషాల్లో వేగుతుంది. తెలుగు ఇళ్లలో ఆ పేరు పలకడానికి ఇబ్బందిపడే పెద్దలుంటే ‘పెట్టె రొట్టె’ అంటే సరిపోతుంది.

వదిలేయవలసినవి కూడా స్పష్టంగానే ఉన్నాయి. పులియబెట్టిన కంపు టోఫు తైవాన్ బజారుకు గుండెకాయ వంటిదే, అయినా తలుపులు మూసిన గదిలో దాని వాసన మరే టీ పరిమళాన్నీ బతకనివ్వదు. ఆయిస్టర్ల అట్టు చిలగడదుంప పిండితో జిగురుగా, ఎర్రటి సాస్‌లో ఈదుతూ వస్తుంది. దానికి పళ్లెం, చాప్‌స్టిక్స్, రెండు చేతులూ కావాలి. చేత్తో పట్టుకుని, రెండు మూడు కొరుకుల్లో అయిపోయి, పక్కవారితో మాట్లాడుతూ తినగలిగేదే టీ వేళకు పనికొస్తుంది. ఈ కొలత పెట్టుకుంటే సగం బజారు దానంతటదే పక్కకు తప్పుకుంటుంది.

మిగిలినవాటిలో రోజులకొద్దీ నిలవుండేవి పైనాపిల్ కేకులు, పెసరపప్పు కేకులు, ఉల్లికాడల బిస్కట్ల మధ్య మెత్తటి నూగా పెట్టినవి. ముందురోజు చేస్తేనే బాగుండేవి టీలో ఊరిన గుడ్లు. ఆవిరి మీద అరగంట ఆగేవి గ్వా బావ్ బన్నులు. అప్పటికప్పుడు చేయక తప్పనివి ఉల్లికాడల రొట్టె, చిలగడదుంప ఉండలు, చక్రం కేకులు, వేయించిన కోడి ముక్కలు. ఒక ఇంటి వంటగదిలో ఒక సాయంత్రానికి చివరి గుంపు నుంచి రెండుకు మించి పెట్టుకోకూడదు. మూడోది చేర్చిన క్షణం నుంచి ఇంటివారు వంటవారైపోతారు, పిలిచిన మనుషులు వేరే గదిలో ఒంటరిగా మిగులుతారు.

టీ

ఈ విందులో టీని పక్కవాయిద్యంగా చూడడం పెద్ద లోపం. తైవాన్ టీ ప్రపంచానికి తెలిసింది 1869లో. జాన్ డాడ్ అనే బ్రిటిష్ వర్తకుడు, అతని సహచరుడు లీ చున్‌షెంగ్ కలిసి ఫుజియెన్‌లోని ఆన్‌షీ నుంచి మొక్కలు తెప్పించి దీవి ఉత్తరాన రైతుల చేత వేయించారు. వాటి ఆకుతో చేసిన ఊలాంగ్‌ను, అంటే కొంతవరకే ఆక్సీకరణ చెందించిన టీని, రెండు ఓడల్లో నేరుగా న్యూయార్క్‌కు పంపడంతో, తైవాన్‌కు అప్పటి పేరైన ఫార్మోసా మీద ‘ఫార్మోసా టీ’ పేరు నిలిచింది. భారతదేశానికి కూడా ఈ కథలో చోటుంది. 1925లో జపాను పాలకులు అస్సాం విత్తనాలను తెప్పించి నాన్‌తో జిల్లా యూచిలో, సూర్యచంద్ర సరస్సు పక్కన నాటించారు. అక్కడి నల్ల టీకి అదే పునాది. బర్మా నుంచి వచ్చిన పెద్దాకు రకాన్నీ తైవాన్ అడవి టీనీ సంకరం చేసి 1999లో విడుదల చేసిన 18వ నంబరు రకంలో దాల్చినచెక్క, పుదీనా గుర్తుకొచ్చే వాసన ఉంటుంది. దాన్ని పాలు లేకుండా తాగాలి. పాలు కలిపే టీకి అస్సాం జాతి సాదా ఆకే మేలు.

విందుకు మూడు టీలు చాలు. మొదటిది బావ్‌జోంగ్. తైపే పక్కన పింగ్‌లిన్ కొండల్లో పండే, తక్కువగా ఆక్సీకరణ చెందిన ఈ ఊలాంగ్ పూల వాసనతో తేలికగా ఉంటుంది. దీన్ని చల్లగా ఇవ్వడమే మంచిది. అరలీటరు మంచినీటికి 5 గ్రాముల ఆకు వేసి ఫ్రిజ్‌లో ఆరేడు గంటలు ఉంచితే చేదు లేకుండా సారం దిగుతుంది. ఎండలో వచ్చిన అతిథి చేతికి మొదట అందవలసింది ఇదే. తైవాన్ కూడా వేసవిలో ఉక్కపోతతో ఊపిరాడని దేశమే కాబట్టి అక్కడ చల్లటి టీ ఇంటింటి వాడుక.

రెండోది తుంగ్‌తింగ్ ఊలాంగ్. లుగు గ్రామ ప్రాంతపు ఈ టీలో ఆకును గట్టి ఉండగా చుట్టి నిప్పుసెగ మీద కాలుస్తారు. వేయించిన పప్పుగింజల వాసన, కాస్త తీపి. నూనె వంటకాల పక్కన ఇది నిలబడుతుంది. 150 మిల్లీలీటర్ల చిన్న కుండలో 6 గ్రాముల ఆకు, మరిగి కాసేపాగిన నీళ్లు. మొదటి కాపు సుమారు 50 సెకన్లు, రెండోది కొంచెం తక్కువ, ఆ తర్వాత ప్రతి కాపుకూ పది పదిహేను సెకన్లు పెంచుకుంటూ పోవాలి. ఒకే ఆకు ఐదారు కాపులిస్తుంది, ప్రతి కాపూ వేరు రుచి. ఇంగ్లీషు పద్ధతిలోని పెద్ద కుండ ఇక్కడ పనికిరాదు, అందులో ఆకు నానిపోయి రెండో కప్పుకే వగరెక్కుతుంది. చిన్న కుండకు ఇంకో మేలు కూడా ఉంది. నీళ్లు కాచి, పోసి, వంచి, పంచే పని సాయంత్రమంతా సాగుతుంటే మాట తెగదు. ఆ పని ఒక అతిథికే అప్పగించవచ్చు. 1981లో తైపేలో తలుపులు తెరిచిన విస్టీరియా టీ హౌస్ వంటి చోట్ల టీ గురించి మాట్లాడుకోవడం, తాగడం కలిసే సాగుతూ వచ్చాయి.

మూడోది తీపి వంటకాలతో పాటు ఇచ్చే ఓరియంటల్ బ్యూటీ. షిన్చు జిల్లాలోని బెయ్‌పు, ఎమెయ్ తోటల్లో వేసవిలో పచ్చదోమ అనే చిన్న పురుగులు లేత ఆకుల రసం పీలుస్తాయి. ఆ గాయానికి మొక్క చూపే ప్రతిస్పందన వల్లే ఆకులో తేనె, పండిన పండు వాసన పుడుతుంది. పురుగు మందు చల్లితే ఈ టీ ఉండదు. నీళ్లు మరీ సలసల మరగకూడదు, 85 నుంచి 90 డిగ్రీలు సరిపోతుంది. ఖరీదైన టీ కనుక చివర్లో తలకు రెండు చిన్న కప్పుల లెక్కన పెట్టుకోవచ్చు.

ఇక సాగే పిండి ఉండలు వేసిన ముత్యాల పాల టీ. 1980లలో పుట్టిన ఈ పానీయాన్ని మొదట చేసింది మేమంటే మేమని తైచుంగ్‌లోని చున్ షుయ్ తాంగ్, తైనాన్‌లోని హాన్‌లిన్ కోర్టుకెక్కాయి. పేటెంటు లేని వస్తువును ఎవరైనా చేసుకోవచ్చన్న తీర్పుతో 2019లో ఆ వ్యాజ్యం ముగిసింది. బజారులో అరలీటరు, ముప్పావు లీటరు గ్లాసుల్లో ఇస్తారు. అంత తాగినవారు ఇంకేమీ తినలేరు. టీ బల్ల మీద దీన్ని 100 మిల్లీలీటర్ల చిన్న గ్లాసుల్లో పోసి, కేకుల పక్కన కాకుండా ఉప్పటి వంటకాల పక్కన ఉంచాలి. తీపి మీద తీపి పడితే రెండూ చప్పబడతాయి. తైవాన్ దుకాణాల్లో తీపి ఎంత, ఐస్ ఎంత అని ప్రతి ఒక్కరినీ అడుగుతారు. ఇంట్లో కూడా పాకాన్ని విడిగా పెట్టి ఎవరికి వారు కలుపుకునేలా వదిలితే, మధుమేహం ఉన్న పెద్దలు సంజాయిషీ చెప్పుకోకుండానే తమకు సరిపడా తాగగలుగుతారు.

వంటగదిలో

ముత్యాలకు ముడిసరుకు కర్రపెండలం పిండి, అంటే సగ్గుబియ్యం వచ్చే దుంప నుంచి తీసిన పిండే. గోదావరి జిల్లాల్లో పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లులున్న తెలుగువారికి ఇది కొత్త సరుకు కాదు. అయితే సగ్గుబియ్యాన్ని మిక్సీలో పొడి చేసి వాడితే ముత్యాలు రావు. సగ్గుబియ్యం తయారీలోనే వేడి తగిలి పిండి కొంత ఉడికిపోయి ఉంటుంది, దానికి మళ్లీ సాగే గుణం రాదు. టాపియోకా స్టార్చ్ పేరుతో అమ్మే పచ్చి పిండే కావాలి. 60 గ్రాముల బెల్లాన్ని 65 మిల్లీలీటర్ల నీళ్లలో బాగా మరిగించి, 100 గ్రాముల పిండిలో మూడో వంతు అందులో వేసి కలిపి, దించి, మిగతా పిండి చేర్చి వేడి మీదే పిసకాలి. నీళ్లు మరగకపోతే పిండి విడిపోయి బల్ల మీద పారుతుంది. శనగగింజంత ఉండలు చేసి, మరిగే నీళ్లలో 25 నిమిషాలు ఉడికించి, పొయ్యి కట్టేసి మూతపెట్టి మరో 20 నిమిషాలు ఉంచి, బెల్లం పాకంలో వేయాలి. నాలుగు గంటలు దాటితే గట్టిపడతాయి, ఫ్రిజ్‌లో పెడితే ఇంకా త్వరగా. విందు రోజు మధ్యాహ్నమే చేయాలి.

ఉల్లికాడల రొట్టెకు 300 గ్రాముల మైదాలో ముందు 160 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు, తర్వాత 40 మిల్లీలీటర్ల చన్నీళ్లు పోసి కలపాలి. వేడినీళ్లకు పిండిలో కొంత ఉడికి రొట్టె మెత్తగా వస్తుంది, చన్నీళ్లు దానికి సాగుదల ఇస్తాయి. అరగంట నానాక పలచగా వత్తి, నూనెలో కాస్త మైదా కలిపిన పూత రాసి, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లికాడలు చల్లి, చాపలా చుట్టి, ఆ చుట్టను మళ్లీ నత్తగుల్లలా చుట్టి, కాసేపాగి వత్తాలి. పరోటా చేసే చేతులకు ఇది వెంటనే పట్టుబడుతుంది. ఉల్లికాడలు తడిగా ఉంటే పొరలు అతుక్కుపోతాయి, కడిగి గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టాలి. వత్తిన రొట్టెల మధ్య కాగితం పెట్టి ముందురోజే డీప్ ఫ్రిజ్‌లో ఉంచితే, అతిథుల ముందు ఒక్కోటి తీసి కరగబెట్టకుండానే పెనం మీద వేసుకోవచ్చు. రెండువైపులా ఎర్రబడ్డాక రెండు అట్లకాడలతో అంచుల నుంచి లోపలికి నొక్కితే పొరలు విడతాయి. ఆరు ముక్కలుగా కోస్తే టీ బల్లకు తగిన పరిమాణం.

చిలగడదుంప ఉండల్లో పిండి కొలత కన్నా నూనె వేడి మీద చూపు ఉండాలి. దుంపను ఆవిరి మీదే ఉడికించాలి, నీళ్లలో వేస్తే చెమ్మ ఎక్కువై ఉండ పగులుతుంది. 250 గ్రాముల దుంపకు 50 గ్రాముల పంచదార వేడి మీదే కలిపి, 120 గ్రాముల కర్రపెండలం పిండి చేర్చి, నున్నటి ముద్దగా పిసికి, ఉసిరికాయంత ఉండలు చేయాలి. 140 డిగ్రీల దగ్గర నూనెలో వేస్తే నెమ్మదిగా పైకి తేలతాయి. అప్పుడు చిల్లుల గరిటెతో బాణలి అంచుకు అదిమి వదలాలి. అదిమినప్పుడు అణిగి, వదలగానే ముందటి కన్నా పెద్దవవుతాయి. పైపొర జిగురుగా ఉడికి సాగుతుంటే లోపలి ఆవిరి దాన్ని ఉబ్బిస్తుంది. నాలుగైదు సార్లు ఇలా చేశాక లోపల గుల్లవుతుంది. చివర మంట పెంచి ఒక నిమిషం వేయిస్తే పైన కరకరలాడుతుంది. మొదటే నూనె బాగా కాగితే పైపొర గట్టిపడి ఉబ్బడానికి వీలుండదు. తైవాన్‌లో వీటిని కాగితపు సంచిలో వేసి వెదురు పుల్ల గుచ్చి ఇస్తారు. ఇంట్లోనూ ఆ సంచే మేలు, చేతికి నూనె అంటదు, పళ్లెం కడిగే పని ఉండదు.

గ్వా బావ్ అంటే తెల్లటి మెత్తటి బన్నును నాలుకలా మడిచి ఆవిరికి ఉడికించి, మధ్యలో సోయా సాస్‌లో మగ్గించిన పంది మాంసం, ఉప్పులో ఊరిన ఆవాకు, తియ్యటి వేరుశనగ పొడి, కొత్తిమీర పెట్టేది. ఈ నాలుగింటిలో తీసేయడానికి వీల్లేనిది వేరుశనగ పొడి. పంది మాంసం స్థానంలో కోడి గానీ, పుట్టగొడుగులూ టోఫూ గానీ అదే సోయా, అనాసపువ్వు, దాల్చినచెక్క రసంలో మగ్గించి పెట్టవచ్చు, ఆవాకు దొరకకపోతే ముల్లంగి ఆకును రెండు రోజులు ఉప్పునీటిలో ఊరబెట్టుకోవచ్చు. పొడికి మాత్రం వేయించి పొట్టు తీసిన పల్లీలు రెండు పాళ్లు, పంచదార ఒక పాలు, రవ్వలా ఉండాలి. మెత్తగా రుబ్బితే నూనె ఊరి ముద్దవుతుంది. బన్నులకు ఇడ్లీ పాత్ర చాలు. మూతకు గుడ్డ చుట్టకపోతే పైనుంచి కారే నీటి చుక్కలు బన్ను మీద మచ్చలు వేస్తాయి. పదినిమిషాలు ఉడికాక మంట ఆర్పి, రెండు నిమిషాలాగి మూత తీయాలి, లేకపోతే ముడుచుకుపోతాయి.

టీ గుడ్లకు టీ విందులో కౌజు గుడ్లే తగినవి. ఉడికించి, పెంకును చెంచాతో పగుళ్లిచ్చి, నల్ల టీ, సోయా సాస్, అనాసపువ్వు, దాల్చినచెక్క, చిటికెడు పంచదార వేసిన నీళ్లలో సన్నటి సెగ మీద పావుగంట ఉంచి, ఆ రసంలోనే రాత్రంతా ఫ్రిజ్‌లో వదలాలి. వలిస్తే పాలరాతి మీది గీతల్లాంటి చారలు వస్తాయి.

పైనాపిల్ కేకు కొనితెచ్చినా తప్పులేదు. ఇంట్లో చేసేవారికి ఒక్క సూచన. పాతకాలపు పూర్ణంలో పైనాపిల్‌తో పాటు బూడిద గుమ్మడి కూడా ఉండేది, దానివల్ల పీచు తగ్గి పూర్ణం నునుపెక్కుతుంది. గత పదిహేనేళ్లుగా పైనాపిల్ ఒక్కటే వాడే పుల్లటి రకానికి ఆదరణ పెరిగింది. ఓరియంటల్ బ్యూటీ పక్కన రెండోది బాగుంటుంది, చిన్నపిల్లలకు మొదటిది నచ్చుతుంది. చక్రం కేకులను గుంతపొంగనాల పెనంలో చిన్నవిగా పోసుకోవచ్చు. ఎర్ర చిక్కుడు గింజల పూర్ణానికి బదులు బొబ్బర్ల పూర్ణం దగ్గరగా వస్తుంది.

సరుకుల విషయంలో ఒక హెచ్చరిక. తైవాన్ వంటల్లో చివర చుక్కలుగా వేసే నువ్వుల నూనె వేయించిన నువ్వుల నుంచి తీసింది, ముదురు రంగులో ఘాటుగా ఉంటుంది. గానుగ నువ్వుల నూనె ఆ పని చేయదు. అలాగే వేయించిన కోడి ముక్కల మీద వేసే ఆకు తులసి కాదు, సబ్జా గింజలనిచ్చే రుద్రజడ జాతిది.

ఎవరికి ఏది పెట్టాలి

శాకాహారులకు తైవాన్ తిండిలో లోటు లేదు. బౌద్ధ సంప్రదాయం వల్ల అక్కడ శాకాహార దుకాణాలు ఊరూరా ఉన్నాయి, ఆ వంటల్లో ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధం. ఉల్లి తినని అతిథులు వస్తున్నప్పుడు ఉల్లికాడల బదులు కొత్తిమీర, నువ్వులు వేసి అదే రొట్టె చేయవచ్చు. బయట కొన్న సరుకుల మీద మాత్రం కన్నేయాలి. పైనాపిల్ కేకుల్లో కొన్నిటికి పంది కొవ్వు వాడతారు, తియ్యటి మయొనేజ్‌లో గుడ్డుంటుంది, పుట్టగొడుగుల సాస్ అనుకుని తెచ్చినది ఆయిస్టర్ సాస్ కావచ్చు. వేరుశనగ పడనివారు ఉన్నారేమో పిలిచేటప్పుడే అడగాలి, ఎందుకంటే పొడి ఒక వంటకం నుంచి ఇంకోదానికి తేలిగ్గా అంటుకుంటుంది. ఐదేళ్లలోపు పిల్లలకు ముత్యాలు, కౌజు గుడ్లు ఇవ్వకూడదు, గొంతులో అడ్డుపడతాయి. మింగడం కష్టమైన వృద్ధుల విషయంలోనూ అంతే జాగ్రత్త.

సాయంత్రం సాగే తీరు

ఆరుగురికి విందు అనుకుంటే తలకు నాలుగు ఉప్పటి ముక్కలు, మూడు తీపివి చాలు. రాత్రి భోజనం పెట్టే ఉద్దేశం లేకపోతే గ్వా బావ్ ఒకటి పెంచాలి. మూడంతస్తుల పళ్లెం ఉంటే కింద శాండ్‌విచ్‌లు, మధ్యలో టీ గుడ్లు, పైన పైనాపిల్ కేకులు సర్ది ముందే బల్ల మీద పెట్టేయవచ్చు, అవి ఎదురుచూస్తాయి. లేకపోయినా లోటేం లేదు, స్టీలు పళ్లేలు ఆ పని చేస్తాయి. నాలుగింటికి చల్లటి బావ్‌జోంగ్‌తో మొదలవుతుంది. ఆలస్యంగా వచ్చేవారి కోసం ఇరవై నిమిషాలు ఈ పళ్లెమే ఆదుకుంటుంది. అందరూ వచ్చాక మొదటి వేడి విడత, ఉల్లికాడల రొట్టె. దానితో తుంగ్‌తింగ్ కాపులు ప్రారంభం, పాల టీ కావలసినవారికి చిన్న గ్లాసులు.

పొయ్యిని వంటింట్లో ఉంచక ఇండక్షన్ స్టవ్‌ను గది పక్కనే ఒక బల్ల మీద పెట్టుకోవడం ఈ విందుకు అతికే ఏర్పాటు. కళ్లముందు వండడం, వాసన ముందు రావడం, ఒకరి వెనక ఒకరు చేయి చాచడం వీధి తిండిలో సగం ఆనందం. రొట్టెను పెనం మీద వేయడానికి అది సరిపోతుంది. నూనె బాణలి మాత్రం పిల్లలు తిరిగే చోట పెట్టకూడదు. చిలగడదుంప ఉండలను వంటింట్లోనే ఒకరు వేయించి తేవాలి, పది నిమిషాల పని. గ్వా బావ్‌కు బన్నులను ఆవిరి పాత్రతో సహా బల్ల మీదికి తెచ్చి, కూరలూ పొడీ గిన్నెల్లో పెడితే ఎవరి బన్ను వారు నింపుకుంటారు. మొహమాటపడే కొత్తవారు కూడా ఈ పనిలో పడి మాట కలుపుతారు, కూర్చోబెట్టి వడ్డించడం కన్నా ఇది త్వరగా చనువు తెస్తుంది.

ఐదింటి ప్రాంతంలో చిలగడదుంప ఉండలు వస్తాయి. ఉప్పు నుంచి తీపికి మళ్లే మలుపు ఇక్కడ. కప్పులు మార్చి ఓరియంటల్ బ్యూటీ పోయాలి. ఓపిక ఉంటే చివర తైవాన్‌లోని యీలాన్ తరహా ఐస్‌క్రీమ్ చుట్ట చేయవచ్చు. అక్కడి బండ్ల మీద పెద్ద వేరుశనగ పాకం దిమ్మను వడ్రంగి చిత్రికతో గీకి, ఆ పొడిని మెత్తటి పలచని పొర మీద చల్లి, రెండు ఉండల చేమదుంప ఐస్‌క్రీమ్, పైన పచ్చి కొత్తిమీర వేసి చుడతారు. మన పల్లీ అచ్చును కొబ్బరికోరుతో గీకితే అదే పొడి వస్తుంది. స్ప్రింగ్ రోల్ పొరలను క్షణం ఆవిరి పడితే మెత్తబడతాయి. ఐస్‌క్రీమ్‌లో కొత్తిమీర అనగానే ముఖం చిట్లించేవారికి సగం చుట్టలో వేసి, మిగతా సగంలో మానేసి ఇవ్వడం మర్యాద.

మిగిలినవాటి సంగతి. ముత్యాలను పారేయాలి. వేయించిన ఉండలను మళ్లీ వేడిచేసినా గుల్ల నిలవదు. వత్తి ఉంచిన రొట్టెలు డీప్ ఫ్రిజ్‌లో నెలరోజులు, టీ గుడ్లు రసంలో మూడు రోజులు ఉంటాయి. ఊలాంగ్ ఆకులో ఇంకా సారం ఉంటుంది, అప్పుడే చల్లటి నీళ్లు పోసి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటి ఉదయానికి తేలికపాటి టీ దిగుతుంది. పైనాపిల్ కేకులు గాలి చొరబడని డబ్బాలో వారం నిలుస్తాయి. తైవాన్‌లో ఇళ్లకు వెళ్లేవారూ విదేశాలకు బయలుదేరేవారూ తీసుకెళ్లే కానుక అదే కాబట్టి, అతిథులు వెళ్లేటప్పుడు చేతికివ్వడానికి తలకు రెండు చొప్పున ఎక్కువ కేకులు మొదటే లెక్కలో వేసుకోవాలి.